సాంకేతిక పరిశ్రమలో ఇతర విద్యావంతుల స్థానము

కృష్ణా డెల్టాలోని రైతుల లోగిళ్లయందును, బందరు, గుడివాడ పట్టణముల వర్తకుల గృహములయందును నేడొక ప్రశ్న తరచుగ వినవచ్చుచున్నది. ఇంజనీరింగు చదివిన బిడ్డ హైదరాబాదునకో, అమెరికాకో పోయి కంప్యూటరు పరిశ్రమలో స్థిరపడుచున్నాడు. బి.కాం. చదివి యింటిపట్టున వ్యవసాయమును, వ్యాపారమును చూచుకొను బిడ్డకు ఆ పరిశ్రమలో ఒక సంస్థను స్థాపించు యోగ్యత కలదా? లేదనియే పెక్కుమంది పెద్దలు తలంచుచున్నారు. ఈ తలంపు పొరపాటని మా దృఢాభిప్రాయము. దీనివలన నష్టపడుచున్నది ఆ యువకుడొక్కడే కాదు, ఈ ప్రాంతమంతయును.

ఒక సంస్థను స్థాపించువాడు దాని పనితనమంతయు స్వయముగ నెరిగియుండవలెనను నియమము లేదు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు వైద్యవిద్య నభ్యసించి బందరులో వైద్యము చేసినవారు. ఆయన 1923 నవంబరులో ఆ పట్టణముననే ఆంధ్రా బ్యాంకును లక్ష రూపాయల చెల్లించిన మూలధనముతో నెలకొల్పిరి. బ్యాంకులెక్కలు ఆయన వృత్తివిద్య కావు. అయినను ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమగువరకు తొంబదియారేండ్లు నిలిచినది.

కంప్యూటరు పరిశ్రమయందును ఇదే న్యాయము. చీనాలో 1999లో సహచరులతో గూడి ఆలీబాబాను స్థాపించిన జాక్ మా అంతకు పూర్వము ఆంగ్లోపాధ్యాయుడు. అమెరికాలో 2008లో ఆరంభమైన ఎయిర్‌బీఎన్‌బీ స్థాపకులు మువ్వురిలో ఇద్దరు రూపకల్పన చదివినవారు. ప్రోగ్రాములు వ్రాయుట మూడవవాని పని.

అయినచో సాంకేతికవిద్య లేనివాడు తేదగిన దేమి? కష్టమెక్కడ నున్నదో యెరిగిన జ్ఞానము. బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక ప్రాంతముల రొయ్యల రైతు నడుగుడు. తెల్లవారుజామున చెరువునీటిలో ప్రాణవాయువు తగ్గును; ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగినచో పంటయంతయు నొక్కరాత్రిలో పోవచ్చును. పట్టుబడి నాడు కిలోకెన్ని రొయ్యలు తూగునో చూచి, ఆ కౌంటునుబట్టి ధర కట్టుదురు. అచ్చటనే రైతునకును కొనుగోలుదారునకును తగవు పుట్టును. మొవ్వ ప్రాంతమున వరిచేను సాగుచేయువాడు పలుచోట్ల కౌలురైతు. పట్టా వేరొకరి పేర నుండును. ఈ సంగతి తెలియని ఇంజనీరు పట్టాదారు పేరు లేనిదే ముందునకు సాగని యాప్‌ను తయారుచేసి, అది యెవరును వాడరేమని యాశ్చర్యపడును. చెరువుగట్టున పెరిగినవాడా పొరపాటు చేయడు. అతని మాటను ఊరిలో నమ్ముదురు. ఆ నమ్మకమే మొదటి పదిమంది ఖాతాదారులను తెచ్చును.

ఇంతమాత్రముచేత ఇంజనీరు అవసరము లేదని మే మనుటలేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట యంత్రముచేతనే ప్రోగ్రాములు వ్రాయించుట సులభమైనది. నమూనా తయారుచేసి రైతునకు చూపుటకు అది చాలును. కాని పదివేలమంది సొమ్మును, వివరములను భద్రముగ కాపాడవలసిన దినమున నేర్పరియైన ఇంజనీరు ప్రక్కన నుండవలయును. అట్టివానిని జీతగానిగ నెంచి, పాలేరునకు పని పురమాయించినట్లు పురమాయించుట మన భూస్వామికుటుంబముల కలవాటైన దోషము. వానికి సంస్థలో న్యాయమైన వాటా నిచ్చి భాగస్వామిగ నుంచుకొనవలయును. స్థాపకుడును తనకు తెలియనిది సిగ్గుపడక అడిగి, ఏ పని యెందుకు ఆలస్యమగుచున్నదో గ్రహించునంత విద్యయైన నేర్వవలయును.

మరియొక బాధ్యత కలదు. భీమవరమున జన్మించిన బైర్రాజు రామలింగరాజుగారు విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలలో బి.కాం., అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయమున ఎం.బి.ఏ. చదివినవారు, ఇంజనీరు కారు. అయినను 1987లో ఆయన హైదరాబాదున స్థాపించిన సత్యం కంప్యూటర్సు దేశమున మేటి సంస్థలలో నొకటియైనది. వాణిజ్యవిద్య చదివిన తెలుగువాడు ఈ పరిశ్రమలో ఎంతయెత్తున కెదుగగలడో దీనివలన తెలిసినది. కాని లెక్కలు హెచ్చించి చూపబడినవని 2009 జనవరి 7వ తేదీన ఆయనయే లేఖవ్రాసి యొప్పుకొనిరి. సంస్థ చేతులు మారి 2013లో టెక్ మహీంద్రలో కలిసినది. దానిని కూల్చినది ప్రోగ్రాములలోని లోపము కాదు, లెక్కలలోని యబద్ధము. ప్రోగ్రాములు వ్రాయలేని స్థాపకుడు లెక్కలకు కావలివాడు. ఆ కావలి తప్పినచో అతనికి వేరుస్థానము మిగులదు.

కావున యువకులకును, యువతులకును మా మనవి యిది. పొలమమ్మి కార్యాలయమును తెరవకుడు. ముందుగ ఒక్క కష్టము నెన్నుకొని, దాని ననుభవించు పదిమందితో మాటలాడుడు. వారిలో కొందరైనను మీరు చూపిన సాయమునకు రూకలు చెల్లించిన పిదపనే ఇంజనీరును వెదకుడు. హైదరాబాదులో 2015లో టి-హబ్, 2018లో స్త్రీలకై వి-హబ్ ఇట్టి కలయికలకొరకే యేర్పడినవి. పెద్దలారా! బిడ్డకు ప్రోగ్రాములు వచ్చునా యని మాత్రమే యడుగకుడు. ఎవరి కష్టమును వాడెరుగును, ఎవరితో వాటా పంచుకొనును, లెక్క ఎట్లు చూపును అని యడుగుడు. ఈ మూడింటికి తగిన సమాధానము చెప్పగలవాడు హైదరాబాదు ఇంజనీరు ప్రక్కన సమానముగ కూర్చుండదగినవాడు.