అడ్రస్ కాలమే కులం కాలమ్ (సీమ దారుల్లో – 9)



"టౌన్లో కులం యాడుందన్నా? దుడ్డు పెడితే ఎవురికైనా రూమిస్తారు."

ఈ మాట అన్నది పులివెందులలో ఇంజనీరింగ్ చదువుతున్న మన తమ్ముడే. మొన్న ఏప్రిల్ 14 పొద్దున అక్కడి విద్యార్థులతో మీటింగు ముగిసినాక అన్నాడు. అదే రోజు రాత్రి ఆ మాటకు జవాబు వాడే కళ్ళారా చూసినాడు.

మా దారి ఇది. పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు. సాయంత్రం అక్కడ జయంతి సభ. మర్నాడు పొద్దున ప్రొద్దుటూరులో ఇంకో మీటింగు. అందుకని రాత్రికి ప్రొద్దుటూరు చేరి లాడ్జిలో పడుకుందామనుకున్నాం. తమ్ముడూ నాతో వచ్చినాడు. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మూడు ఊర్లలోనూ ఆ రోజు బాబాసాహెబ్ మెడలో అన్ని పార్టీల దండలూ ఉన్నాయి.

లాడ్జి పేరు రాయను. అది ఒక్క లాడ్జి కథ కాదు.

కౌంటర్లో పిల్లోడు మర్యాదగానే మాట్లాడినాడు. "డబుల్ రూముంది నా, మొదటి అంతస్తు." రేటు చెప్పినాడు. తమ్ముని ఆధార్ తీసుకున్నాడు. వాళ్ళది కడప టౌన్ నడిబొడ్డున ఒక వీధి. అది రిజిస్టర్లో రాసుకుని తాళంచెవి బల్ల మీద పెట్టినాడు. తర్వాత నాది అడిగినాడు. మా ఊరు జమ్మలమడుగు పక్క పల్లె. అక్కడ మా ఇల్లు పడిపోయి ఏండ్లయింది, కార్డులో మాత్రం అదే అడ్రస్. పిల్లోడు కార్డు తిప్పి చదివినాడు. "ఎస్సీ కాలనీ" అని రాసుకున్నాడు. రాసి, వెనక కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి వైపు రిజిస్టర్ తిప్పినాడు. ఆయన చూసినాడు. ఒక్క మాటా అనలేదు. బల్ల మీద తాళంచెవి వెనక్కి పోయి కొక్కేనికి తగులుకుంది.

"ఆ రూములో నీళ్ళు రావడంలేదు నా. పైన ఇస్తా."

పైన అంటే మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు పక్కన గది. గడియ సరిగ్గా పడదు. దుప్పటి మీద ఎవరో పడుకున్న ముడతలు అట్లే ఉన్నాయి. రేటు మాత్రం అదే రేటు. తమ్ముడు నీళ్ళ బాటిల్ కోసం కిందికి పోయి, బాటిల్ లేకుండానే వచ్చినాడు. మా వెనక వచ్చిన ఇద్దరికి అదే మొదటి అంతస్తు తాళంచెవి ఇచ్చినారంట.

అప్పుడు నేనేం చేసినాను? ఏమీ చేయలేదు. రాత్రి పదకొండు దాటింది, అలిసిపోయినాం, పొద్దున పని ఉంది అనుకున్నా. సాయంత్రం జమ్మలమడుగులో ఆర్టికల్ 17 గురించి గొంతు పోయేట్టు మాట్లాడిన మనిషిని నేనే. ఈ సిగ్గు దాచుకోకూడదనే ఇది రాస్తున్నా.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ ఊరు. ఆ అంగట్లో మన కులం అడగరు, నిజమే. గొలుసు కొన్నవాడు రాత్రికి వాళ్ళింటికి పోతాడు కాబట్టి. లాడ్జిలో వాళ్ళ పరుపు మీద పడుకోవాలి, వాళ్ళ దుప్పటి కప్పుకోవాలి, వాళ్ళ చెంబు ముట్టుకోవాలి. డబ్బు చేతులు మారేంత వరకే టౌన్లో కులం కనబడదు. ఒళ్ళు తగిలే చోట బయటపడుతుంది. మా నాయన ఊరి టీ అంగట్లో చూరుకు చెక్కిన గ్లాసు తానే తీసుకుని, తాగి, తానే కడిగి మళ్ళీ చెక్కేవాడు. ఇప్పుడా గ్లాసు లేదు. మనసులు మారి పోయిందా, కాగితం కప్పు చవకై పోయిందా?

ఆ రాత్రి తమ్మునికి నిద్ర పట్టలేదు. చీకట్లో మెల్లగా అన్నాడు: "నా, నువ్వు కూడా అడ్రస్ మార్పించుకో. కడపలో ఇల్లు బాడుగకు దొరక్క మా నాయన కులం మార్చి చెప్పినాడు. పదేండ్లుగా ఆ వీధిలో మేం వేరే కులమోళ్ళం."

పొద్దున "టౌన్లో కులం యాడుంది" అన్నది ఈ పిల్లోడే. కులం లేదని కాదు, దాన్ని దాచిన ఇంట్లో పెరిగినాడు.

1917లో కొలంబియాలో, లండన్‌లో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన అంబేద్కర్‌కు ఊర్లో ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగినాడు. కొన్ని రోజులకే కట్టెలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టినారు. ఒక పార్కులో కూర్చుని బొంబాయి రైలు కోసం ఎదురుచూసినాడు. దాచుకున్నా బతకనియ్యరని ఆయన అనుభవమే చెబుతోంది. ఆ మనిషే తర్వాత రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడైనాడు. ఆర్టికల్ 15లో అంగళ్ళు, హోటళ్ళ పేర్లు పెట్టి మరీ రాసి ఉంది చూడండి.

విద్యార్థులు ఇది నోట్ చేసుకోండి. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో "హోటల్" అంటే లాడ్జి కూడా. సెక్షన్ 4 ప్రకారం రానివ్వకపోవడం ఒక్కటే కాదు, అంటరానితనం వల్ల చూపే ఏ వివక్ష అయినా నేరం. సెక్షన్ 12 ఇంకా ముఖ్యం. అట్లాంటి పని ఎస్సీ మనిషి పట్ల జరిగిందని తేలితే, అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావించాలి. కాదని నిరూపించుకోవాల్సింది వాళ్ళు. "కులం వల్లే అని సాక్ష్యమేముంది?" అని మనల్ని మనమే అడుక్కుని నోరు మూసుకుంటున్నాం. నేనూ అదే చేసినా.

మాస్క్డ్ ఆధార్ ఇవ్వమని కొందరు సలహా ఇస్తారు. ఇవ్వండి, మంచిదే. కానీ అది మొదటి ఎనిమిది అంకెలు దాస్తుంది, మన వాడను దాయదు.

మరి అడ్రస్ మార్చుకోవాలా? ఇక్కడ రెండు సంగతులున్నాయి. "అంబేద్కర్ నగర్" మనం పెట్టుకున్న పేరు, దాన్ని చెరపనియ్యొద్దు. "ఎస్సీ కాలనీ", "హరిజనవాడ" మనకు తగిలించిన పేర్లు. రేషన్ కార్డు నుంచి ఆధార్ దాకా వాటిని మోయించింది సర్కారే. మహారాష్ట్ర 2020లో కులం పేర్ల వాడలకు పేర్లు మార్చాలని నిర్ణయించింది. కేరళ 2024లో "కాలనీ" అనే మాటే తీసేయమంది. మన దగ్గర ఎందుకు కాదు? ఈ ప్రశ్న మండలం ఆఫీసు నుంచి అసెంబ్లీ దాకా అడుగుదాం. కొత్త పేరు మాత్రం ఆ వాడ జనమే పెట్టుకోవాలి.

పేరు మారినంత మాత్రాన కౌంటర్ వెనక కండ్లు మారవని నాకు తెలుసు. కారంచేడు (1985), చుండూరు (1991) నెత్తురు లోకానికి కనబడింది. కొక్కేనికి తగులుకున్న తాళంచెవి ఎవరికీ కనబడదు. చూసినోడు చెప్పాలి. తాళంచెవి మారిన టైము రాసిపెట్టుకోండి. ఇచ్చిన గది ఫొటో తీయండి. బిల్లు అడిగి తీసుకోండి. పక్కనున్నోన్ని సాక్షిగా నిలబెట్టండి. స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఆ లాడ్జి మీద ఫిర్యాదు నేను ఆలస్యంగా రాసినా, కానీ రాసినా. సాక్షి సంతకం తమ్మునిది. సంతకం కింద అడ్రస్ రాయాల్సి వచ్చినప్పుడు వాడు కాసేపు ఆగినాడు. కడప వీధి రాయలేదు. వాళ్ళ తాత ఊరు, ఆ ఊరి మాదిగపల్లె పేరు రాసినాడు.

జై భీమ్.