నురుగు మాటున విషము

కొండనాలుకకు మందు వేసిన నున్న నాలుక యూడినట్లు, అగ్నిభయమును బాపుటకై పుట్టిన సాధన మొకటి ప్రజల బావులకే ముప్పుగ పరిణమించినది. పెట్రోలు మంట నీటికి లొంగదు. నూనె నీటిపై తేలి మండుచునే యుండును. కావున 1960 దశకమున అమెరికా నౌకాదళమును త్రీఎమ్ కంపెనీయు గలిసి, నూనెపై పలుచని పొరగ ప్రాకి గాలి నడ్డు నురుగును రూపొందించినవి. అందలి ‘పీఫాస్’ అను ఫ్లోరిను రసాయనములు ఎండకు, వానకు, సూక్ష్మజీవులకు చెడవు. నేల నింకి బావినీట జేరును. నీటినుండి నెత్తుట జేరి యేండ్ల తరబడి నిలుచును. వానిలో నొకటియగు పీఎఫ్‌ఓఏ మనుష్యులకు కాన్సరు గలిగించునని ప్రపంచారోగ్యసంస్థకు జెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2023లో నిర్ణయించినది.

అమెరికాలో నీటి సరఫరా సంస్థలు ఊరకుండలేదు. 2018 నుండి వేలకొలది దావాలు దక్షిణ కెరొలైనాలోని చార్లెస్టను న్యాయస్థానమున నొక్కచోట జేర్పబడినవి. 2023లో త్రీఎమ్ 1030 కోట్ల డాలర్లకు తక్కువగాని మొత్తమును, డ్యూపాంటు మున్నగు మూడు కంపెనీలు 118.5 కోట్ల డాలర్లను నీటి సంస్థల కిచ్చుటకు రాజీపడినవి. ఇది తప్పు నొప్పుకొనుట గాదని కంపెనీలు చెప్పినను, ధనమిచ్చుటకు సమ్మతింపక తప్పలేదు. ఇందుకు ముఖ్యహేతువు, నీటిని కొలిచిన లెక్క వాదుల చేత నుండుటయే.

మన సంగతి చూతము. పటాన్‌చెరు కర్మాగారముల కలుషజలమువలన పొలములు, బావులు చెడిన గ్రామముల వ్యాజ్యము 1990లో సుప్రీముకోర్టు కెక్కినది. హైకోర్టు, హరిత న్యాయస్థానము తిరిగి పాతికేండ్లు దాటి సాగినది. ఈలోగా 18 కిలోమీటర్ల గొట్టము వేసి యా నీటిని నగరపు మురుగుకాలువ ద్వారా అంబర్‌పేట శుద్ధికేంద్రమునకు మళ్లించిరి. అంబర్‌పేట యెక్కడనో లేదు. మూసీ కావలియొడ్డున, మలక్‌పేట కెదుటనే యున్నది. విషము చోటు మారినది. వ్యాజ్యము సాగుచునే యుండినది. పటాన్‌చెరు శుద్ధికేంద్రపు నీట లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిను మందు గలదని 2007లో లోకమునకు జాటినవారు స్వీడను పరిశోధకులు! మన నీటిని మనకంటె ముందు పరదేశీయులు కొలువవలసి వచ్చుట మనకు సిగ్గుచేటు.

కలుషపరచినవాడే మూల్యము చెల్లింపవలె నను న్యాయమును మన సుప్రీముకోర్టు 1996లోనే స్థిరపరచినది. సూత్రము గలదు, దానికి వలసిన సాక్ష్యమునే సమకూర్చుకొనవలెను. అనుమానముపై నెవరిని నిందింపరాదు. కాని శంషాబాదు, బేగంపేట విమానాశ్రయములయందు, చర్లపల్లి చమురు నిల్వలయొద్ద, అగ్నిమాపక కేంద్రములయందు నుంచిన నురుగులో నేయే రసాయనము లున్నవో ప్రభుత్వము ప్రకటింపవలెను. చుట్టుపట్ల బావుల నీటిని పరీక్షించి, ఫలితములను గ్రామచావడిలో తెలుగున నంటింపవలెను.

నురుగు లేక చమురు మంటల నెట్లార్తురని కొంద రడుగుదురు. 1997లో విశాఖపట్టణపు చమురుశుద్ధి కర్మాగారము దగ్ధమైన దినమును మేము మరువలేదు. రక్షణను మానుడని మేము చెప్పుట లేదు. ఫ్లోరిను లేని నురుగులు నేడు లభించుచున్నవి; అభ్యాసమునకైన విషపు నురుగును వాడకుండుట సాధ్యమే. ఆ నురుగు ముందుగ దాకునది దానిని జిమ్ము అగ్నిమాపక సేవకునినే యని మరువరాదు.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట యవివేకమని పెద్ద లనిరి. త్రవ్వియున్న బావి చెడిన పిదప న్యాయస్థానమునకు పరుగిడుటయు నట్టిదే. రైతులును పట్టణవాసులును ముందుగ నీటి లెక్కను అడిగి పుచ్చుకొందురు గాక.