అప్పలనరసమ్మలు ఇద్దరు

“కంప్యూటర్‌లో మీరిద్దరూ ఒక్కరే మాతాజీ” అన్నాడు కౌంటరు వెనకాల కుర్రాడు. మర్యాదగానే అన్నాడు. తెరను మా వైపు తిప్పి చూపించాడు కూడా. పైన అమ్మ పేరు, అమ్మ ఫోను నంబరు. కింద అమ్మ ఫిక్సెడ్ డిపాజిట్లు రెండు, అమ్మది కాని డిపాజిట్ ఒకటి, అమ్మ ఎన్నడూ కట్టని బీమా పాలసీ ఒకటి. ఆ చివరి రెండూ మా పాత క్వార్టర్ల లైనులో ఉండిన ఇంకో అప్పలనరసమ్మగారివి. ఆవిడ డిపాజిట్‌కు గడువు తీరిందన్న మెసేజ్ అమ్మ ఫోనుకి వచ్చింది. ఆవిడకి రాలేదు.

సంస్థ పేరు ఇక్కడ అక్కర్లేదు. అక్కడ డిపాజిట్లకు ఒక సాఫ్ట్‌వేర్, బీమాకు ఒకటి, లాకర్లకు ఒకటి ఉండేవి. మూడింటినీ కలిపి ఖాతాదారు ఒక్కొక్కరికి ఒకే రికార్డు తయారు చేశారు. ఉద్దేశం మంచిదే. చిరునామా మారితే మూడు చోట్ల మూడు దరఖాస్తులు పెట్టక్కర్లేదు. భర్త పోయిన మనిషి మరణ ధ్రువపత్రం నకళ్లు పట్టుకుని ప్రతి టేబుల్ దగ్గరా కథ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు. నాన్న పోయిన ఏడాది అమ్మతో పాటు ఆ టేబుళ్లన్నీ తిరిగాను. కాబట్టి ఈ కలపడం జరగాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. జరిగిన తీరు మీదే నా బాధ.

మా లైను సంగతి కొంచెం చెప్పాలి. మాది ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టర్ల లైను. బిలాస్‌పూర్‌ను రైల్వే ఊరుగా చేసింది 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర పల్లెలకు ఈ ఊరు రైలెక్కితే చేరేంత దగ్గరైంది. అటు నుంచి వచ్చిన కుటుంబాలతో పాటు సింహాచలం అప్పన్న కూడా వచ్చాడు, పేర్లలో. అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలరావు, అప్పలకొండ, అప్పలనరసమ్మ. వీధి మొదట్లో నిలబడి “అప్పలా” అని కేకేస్తే నాలుగు గుమ్మాల్లోంచి పలికేవారు. అయినా ఎవరినీ చూసి ఇంకెవరో అనుకున్నది లేదు. మా అమ్మ డ్రైవరుగారి అప్పలనరసమ్మ. ఆవిడ గ్యాంగ్ మేస్త్రీగారి అప్పలనరసమ్మ. ఇంటిపేర్లు వేరు, ఊళ్లు వేరు, చేపల పులుసు రుచి కూడా వేరు.

బుధ్‌వారీ బజార్‌లో మేం అరువుకు సరుకులు తెచ్చుకునే సేటు దగ్గర పొడుగాటి ఎర్ర పుస్తకం ఉండేది. ఇంటికో పేజీ. పేజీ నెత్తిన ముందు క్వార్టరు నంబరు, దాని పక్కన నాన్న పేరు హిందీలో, తనకు వినబడిన తీరులో. మేం క్వార్టరు మారినప్పుడు సేటు పాత నంబరు మీద ఒక్క గీత గీసి కొత్తది పక్కన రాశాడు. పాతది ఇంకా చదవడానికి వచ్చేది. జీతాల రోజు నాన్న వెళ్తే పుస్తకం ఆయన వైపు తిప్పి, వేలు పెట్టి ఒక్కో పద్దూ పైకి చదివేవాడు: చింతపండు కిలో, మినపప్పు రెండు కిలోలు, కొబ్బరినూనె సీసా. “సీసా మాది కాదు సేట్‌జీ” అంటే అప్పటికప్పుడు ఎవరిదో తేల్చేవాడు. చిన్నప్పుడు ఆ చదువుడు నాకు విసుగ్గా ఉండేది. ఇప్పుడు తెలుస్తోంది, ఆ పుస్తకంలో తప్పు నెల దాటి బతక్కపోవడానికి కారణం అదేనని.

మరి పెద్ద పెద్ద కంప్యూటర్లకు ఇద్దరు ఆడవాళ్లు ఒకరుగా ఎలా కనబడ్డారు? రెండు కారణాలు తేలాయి. మొదటిది దరఖాస్తు ఫారం. అందులో పేరుకొక గడి, ‘సర్‌నేమ్’కొక గడి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. హిందీ మాట్లాడే గుమస్తా ఆ పొడి అక్షరాన్ని అనవసరం అనుకుని వదిలేశాడు. ‘అప్పల’ పేరైంది, ‘నరసమ్మ’ ఇంటిపేరైంది. ఇద్దరికీ అంతే. రెండోది ఫోను. లైనులో తొలి ఫోను మా ఇంటికే వచ్చింది. చుట్టుపక్కల ఎనిమిది ఇళ్లవాళ్లు మా నంబరునే పీపీ నంబరుగా రాయించుకునేవాళ్లు. ఫోనొస్తే నేనే పరుగెత్తి పిలుచుకొచ్చేవాణ్ణి. గ్యాంగ్ మేస్త్రీగారి అప్పలనరసమ్మ బీమా కాగితం మీదా అదే నంబరు. పేరు కలిసింది, ఫోను కలిసింది, పిన్‌కోడు ఎలాగూ ఒకటే. యంత్రం ఇద్దరినీ ఒకటి చేసేసింది.

ఇలా రికార్డులు జత చేయడానికి వాడే పద్ధతుల్లో బాగా పాతది సౌండెక్స్. 1918లో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన అమెరికాలో దానికి పేటెంట్ తీసుకున్నాడు. పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చుల్ని వదిలేసి, దగ్గరగా పలికే హల్లులకు ఒకే అంకె ఇచ్చి, మూడు అంకెలతో ఆపేస్తుంది. స్పెల్లింగు ఎలా ఉన్నా పేరు దొరకాలని దాని ఆశ. మన పేర్లు దానికిచ్చి చూడండి. అప్పలరాజు అని ఇంగ్లిషులో రాస్తే ఎ146 వస్తుంది. అప్పలరావు, అదే ఎ146. అప్పలరెడ్డి, అదీ ఎ146. ముగ్గురు వేరు వేరు మనుషులు ఒకే అరలో పడ్డారు. ఇప్పుడు అదే అప్పలరాజు ఇంకో కాగితంలో ఇంటిపేరుతో కోట అప్పలరాజు అని ఉన్నాడనుకుందాం. మొదటి అక్షరం ‘కె’ అయిపోయి కె314 వస్తుంది. ఒకే మనిషి తనకు తానే పరాయివాడయ్యాడు. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లు ఇంతకంటే చాలా తెలివైనవి, నిజమే. కానీ పేరులో ఏ ముక్క ముందొస్తుంది, ఏది వదిలేయొచ్చు అన్న నమ్మకం ఎవరి నామకరణాన్ని చూసి పుట్టిందో, ఆ పేర్లవాళ్లకే అవి బాగా పనిచేస్తాయి.

స్టేషన్ దగ్గర పాదచారుల వంతెన ఎక్కితే కోర్బా వైపు నుంచి బొగ్గు రేకులు, అంటే గూడ్సు బళ్లు, వస్తుంటాయి. ప్రతి వ్యాగను మీదా పదకొండు అంకెల నంబరు. వ్యాగను రకం, సొంతదారు రైల్వే, తయారైన సంవత్సరం, వరుస సంఖ్య, చివర ఒక తనిఖీ అంకె. రాసేవాడు ఒక్క అంకె తప్పు కొడితే లెక్క కుదరదు, తప్పు దొరికిపోతుంది. నాన్న ఆ రేకుల్ని లాగే ఇంజన్లు నడిపాడు. ఆ బొగ్గు పెట్టెను ఏ కంప్యూటరూ ఇంకో పెట్టె అనుకోదు. అదే జాగ్రత్త మనుషుల విషయంలో ఎందుకుండకూడదు?

ఆధార్ ఉందిగా అంటారు. నంబరు వరకు సరే. దాని పక్కన పేరు ఎక్కించినవాడూ ఒక మనిషే, అతనికి వినబడిందే అందులోనూ ఉంది. ఫోను నంబరును నమ్ముకుంటారా, వాడకుండా రద్దయిన నంబరును 90 రోజుల గడువు దాటాక కంపెనీలు మరొకరికి ఇచ్చేస్తాయి.

రైల్వేకు ఈ కలిపే పని కొత్త కాదు. ఒకప్పుడు రిజర్వేషన్ కంప్యూటర్లు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌లలో ఐదు వేరు కాపురాలు. ఎవరి రైళ్లు వారివి. రైల్వేకు కంప్యూటర్ పనులు చేసే క్రిస్ సంస్థ తయారుచేసిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ తొలిసారి నడిచింది సికింద్రాబాద్‌లోనే, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్‌కి ఐదూ కలిశాయి. అది గొప్ప పని. అయితే అక్కడ కలిసినవి ముఖ్యంగా బెర్తులు. తిరుపతి ఎక్స్‌ప్రెస్‌లో ఎస్4 బోగీ 23వ బెర్తు ఎవరు ఎలా పలికినా ఎస్4, 23.

అదే క్రిస్ 2025 జులై 1న రైల్‌వన్ యాప్ తెచ్చినప్పుడు మనుషుల్ని కలపాల్సి వచ్చింది. రిజర్వేషన్ టికెట్టు, అన్‌రిజర్వుడ్ టికెట్టు, ప్లాట్‌ఫాం టికెట్టు, ఫిర్యాదు, భోజనం, అన్నీ ఒకే లాగిన్ కింద. రైల్ కనెక్ట్ యాప్‌లోనో యూటీఎస్ యాప్‌లోనో ఉన్న పాత ఐడీతోనే లోపలికి వెళ్లొచ్చు. నాకు నచ్చింది అదే. ఆ పాత ఖాతా నాదేనని తలుపు దగ్గర నేనే చెబుతున్నాను. ఎక్కడో కూర్చున్న యంత్రం నా పేరు చూసి ఊహించడం లేదు.

ఒకచోట చేరిన వివరాలు ఎవరి కోసం అన్నది కూడా అడగాలి. 2022 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ, ప్రయాణికుల వివరాల నుంచి ఆదాయం రాబట్టే దారులు చెప్పడానికి సలహాదారు కావాలని టెండరు పిలిచింది. గట్టిగా విమర్శలు రావడంతో అదే నెలలో వెనక్కి తీసుకుంది. అమ్మ ఏ గుడికి వెళ్తుందో, ఏ ఊరి ఆస్పత్రికి వెళ్తుందో ఒకే పేజీలో కనబడటం ఆమెకు సేవ చేయడానికైతే సరే, అమ్ముకోవడానికి మాత్రం కాదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మనకు సవరణ హక్కు ఇచ్చింది. మన గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడే వివరాలు సంపూర్ణంగా, సరిగ్గా ఉండేలా చూసుకునే బాధ్యత సంస్థలదే అనీ చెప్పింది. కానీ తప్పు ఉందని తెలిస్తేనే కదా సవరణ కోరేది. నేను కోరేది సేటు చేసిన పనే. రెండు రికార్డులు కలిపే ముందు ఆ మనిషికి చదివి వినిపించండి: “ఇవన్నీ మీవేనా?” అని. పాత పేరును చెరిపేయకుండా ఒక్క గీత గీసి ఉంచండి, రేపు విడదీయాల్సి వస్తే అక్కరకొస్తుంది. మా విషయంలో ఆ గీత లేదు. మూడు పాత సాఫ్ట్‌వేర్‌లూ మూసేశారు. ఏది ఎవరిదో చెప్పడానికి సంస్థ దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆ సంస్థకు మూడుసార్లు తిరిగాక, నాలుగోసారి నేను తోర్వా పేటకు వెళ్లి గ్యాంగ్ మేస్త్రీగారి అప్పలనరసమ్మను ఆటోలో ఎక్కించుకొచ్చాను. ఇద్దరు అప్పలనరసమ్మలూ ఒకే కౌంటరు ముందు పక్కపక్కన నిలబడ్డారు. క్వార్టర్లు వదిలాక వాళ్లు కలవడం అదే మొదలు. డిపాజిట్ సంగతి పక్కనపెట్టి మోకాళ్ల నొప్పులు మాట్లాడుకున్నారు. కుర్రాడు ఇద్దరి మొహాలూ చూసి, లేచి లోపలికెళ్లి మేనేజరును తీసుకొచ్చాడు.

విడదీసే ఫారం అంటూ ఏదీ లేదు. తెల్లకాగితం మీద అర్జీ రాశాను. సంతకాలు పెట్టమన్నారు. ఆవిడ పెట్టింది, అమ్మ పెట్టింది, ఇద్దరూ తెలుగులోనే, ఇంటిపేరు పూర్తిగా రాసి, పేరులో ఒక్క అక్షరం వదలకుండా. కుర్రాడు ఆ కాగితాన్ని స్కానర్ కింద పెట్టాడు. అతనికి తెలుగు రాదు, ఆ యంత్రానికీ అది బొమ్మే. ఇప్పుడు ఆ సంస్థ కంప్యూటర్‌లో అమ్మ పేరు సరిగ్గా ఉన్నది ఆ బొమ్మలో ఒక్కచోటే.