పని పోయిన ఊళ్లలో బీడీ పొగ

2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక బెంగళూరు నుంచి పావగడ తాలూకా పల్లెలకు కూలిజనం తిరిగొచ్చారు. ఇక్కడ మాత్రం పనెక్కడిది? ఇక్కడి తిరుమణి గ్రామం చుట్టూ దాదాపు 13 వేల ఎకరాలు సోలార్ పార్కు కిందికి పోయాయి. భూమి ఉన్న రైతుకు ఏటా కౌలు వస్తుంది. వేరుసెనగ పీకి బతికిన కూలికి ఏమొస్తుంది? పొద్దంతా అరుగు మీద కూర్చున్నవాడి చేయి బీడీకట్ట మీదికే పోతుంది. ఆకలిని చంపేదీ ఆ పొగే.

పొగ తాగేవాళ్లకు కోవిడ్ ముదిరి ప్రాణం మీదికి వచ్చే ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాదే చెప్పింది. క్షయ ముప్పునూ బీడీ పెంచుతుంది. పావగడ రామకృష్ణ సేవాశ్రమం ఏళ్లుగా క్షయ రోగులకు వైద్యం చేస్తోంది. కానీ వైద్యం ఒక్కటే చాలదు. బీడీ మానమని చెప్పే ఆశా కార్యకర్త వెనకే ఉపాధి హామీ పని కూడా ఆ ఇంటికి రావాలి. అందుకే ఈ సంచికలో పని గురించీ, పొగ గురించీ కలిపే రాశాం.