ముందు గేజ్, తర్వాతే క్యామ్‌షాఫ్ట్
పాత ట్రక్కు ఇంజన్‌ను విప్పి మళ్లీ బిగించాక అది నిలకడగా తిరగకపోతే, చాలామంది తప్పంతా క్యామ్‌షాఫ్ట్ మీదికే నెట్టి, ఇంకాస్త పెద్దది వేయాలని చూస్తారు. ఇది తొందరపాటు. అమెరికాలో 1970ల నాటి షెవర్లే పికప్‌లలో కనిపించే 350 క్యూబిక్ అంగుళాల వీ-8 ఇంజన్‌నే తీసుకోండి. టైమింగ్ చైన్ ఒక పన్ను తప్పినా, డిస్ట్రిబ్యూటర్ సరైన చోట కూర్చోకపోయినా, ఇన్‌టేక్ గాస్కెట్ దగ్గర గాలి లీకైనా, వాల్వ్‌లను మరీ బిగించినా లక్షణాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి: ఐడ్లింగ్‌లో వణుకు, ఎత్తు ఎక్కేటప్పుడు నీరసం. అసలు కారణం తేల్చడానికి వాక్యూమ్ గేజ్, కంప్రెషన్ గేజ్, టైమింగ్ లైట్ చాలావరకు సరిపోతాయి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే క్యామ్ సంగతి. పెద్ద క్యామ్‌తో హార్స్‌పవర్ పెరుగుతుంది కదా అని వాదించేవారున్నారు. పెరిగే మాట నిజమే, కానీ ఎక్కువ ఆర్‌పీఎంలోనే. బరువు లాగే ట్రక్కు ఆ వేగానికి వెళ్లేదే అరుదు. అలాంటి క్యామ్ ఇన్‌టేక్ వాల్వ్‌ను ఆలస్యంగా మూస్తుంది కాబట్టి, తక్కువ వేగంలో పైకొచ్చే పిస్టన్ సిలిండర్‌లోకి చేరిన మిశ్రమాన్ని కొంత వెనక్కి నెట్టేస్తుంది. అసలే తక్కువ కంప్రెషన్ ఉన్న ట్రక్కు ఇంజన్‌కు దీనివల్ల లాగే శక్తి తగ్గుతుంది. వాక్యూమ్ పడిపోయి బ్రేక్ బూస్టర్ కూడా బలహీనపడుతుంది. పైగా ఇలాంటి పాత ఇంజన్లలో ఉండే ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ మార్చిన ప్రతిసారీ కొత్త లిఫ్టర్లు వేయాలి, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోయాలి, మొదటి 20 నిమిషాలు ఇంజన్‌ను దాదాపు 2,000 ఆర్‌పీఎం దగ్గర నడపాలి. పనిచేసే ట్రక్కుకు కంపెనీ కొలతలకు దగ్గరగా ఉండే చిన్న క్యామే సరైనది.