పెరికేదానికి చేయి రావాల

హోసూరు: పోయిన ఏడాది మా మిద్దె మీద సిమెంటు తొట్టిలో ముల్లంగి వేశాం. పొట్లం మొత్తం చల్లేశాం. నాలుగు రోజులకే మొలకలు గుంపుగా లేచాయి. చూసేదానికి ముచ్చటగా ఉంది. పలచన చేద్దామంటే అవ్వ ఒప్పుకోలేదు. "ప్రాణముండేదాన్ని పెరికేదానికి చేయెట్లా వస్తుందప్పా? ఉండనీ, దాని పాటికది పెరుగుతుంది" అంది. నిజం చెప్పాలంటే నాకూ మనసు రాలేదు. నెలన్నర తర్వాత పీకితే గడ్డ లేదు. గుబురు ఆకు కింద పెన్సిల్ లావు వేరు, అంతే.

విచిత్రమేమంటే, ఇదే అవ్వ వయసులో ఉన్నప్పుడు రాగి చేలో ఒత్తుగా మొలిచిన పైరును పిడికిళ్లతో పెరికిన మనిషి. అడిగితే, "దాన్ని పలచగా ఉండే చోట నాటేవాళ్లం కదా, పారేసేవాళ్లమా?" అంది. అసలు బాధ అక్కడుంది. రాగి పైరుకు ఇంకో చోటు దొరుకుతుంది. ముల్లంగి, క్యారెట్ అట్లా కాదు. పీకి నాటితే తల్లివేరు దెబ్బతిని గడ్డ వంకరపోతుంది, చీలుతుంది.

తొట్టిలో మన్ను కొంచెం, నీళ్లు కొంచెం. ముల్లంగికి మొక్కకూ మొక్కకూ బెత్తెడు ఎడమైనా ఉండాలి. ఆ చోట పది మొక్కలుంటే పదీ అరకడుపుతో బతుకుతాయి. మనం పెరకలేదని అవి బాగుపడవు. పాపం మన చేతికి అంటలేదని మనకు తృప్తి, అంతే.

ఎడంగా విత్తితే సరిపోదా అని అడగొచ్చు. చాలావరకు సరిపోతుంది. కానీ బీట్‌రూట్‌లో అదీ కుదరదు. మనం ఒక్క గింజ అనుకునేది నిజానికి కొన్ని గింజల ముద్ద. ఒక్కటి వేస్తే రెండు మూడు మొలకలొస్తాయి. ఒక్కటి ఉంచి తక్కినవి తీయాల్సిందే.

ఈ ఏడాది అవ్వ ఒక షరతు మీద ఒప్పుకుంది: తీసింది ఏదీ పారేయకూడదు. రెండు మూడు ఆకులు రాగానే, తొట్టి తడిపి, బలమైనదాన్ని ఉంచి పక్కవి తీశాం. మరీ ఆనుకొని ఉన్నవాటిని పీకకుండా కత్తెరతో మొదట్లో కత్తిరించాం, పక్క మొక్క వేరు కదలకుండా. వారం తర్వాత ఇంకోసారి. తీసిన లేత ఆకంతా పప్పులోకి పోయింది. రాగి ముద్దతో తిన్నాం. నెలన్నరకు గడ్డలూ వచ్చాయి.

మేం కొన్న పొట్లం మీద ఎంత లోతున విత్తాలో తమిళంలో, ఇంగ్లీషులో ఉంది. పలచన చేయాలని మాత్రం ఏ భాషలోనూ లేదు. విత్తనాలు అమ్మేవాళ్లు ఆ ఒక్క ముక్కా అచ్చేయాలి, తెలుగులోనూ వేస్తే ఇంకా మేలు. అంతవరకూ మిద్దె తోట వేసే మనవాళ్లకు అవ్వ షరతే చాలు. పెరకండి, కానీ పారేయకండి.