కొల్లేరు: పక్షికీ, కూలీకీ ఒకటే గండం

కొల్లేటి పక్షుల్ని కాపాడాలనగానే “పిట్టల మీదున్న ప్రేమ మనుషుల మీద లేదా?” అన్న మాట వినిపిస్తుంది. లంక గ్రామాల పేదలు ఆ మాట అంటే మేము తప్పుపట్టం. 2006లో వాళ్ల కళ్ల ముందే చెరువుల గట్లు పేల్చేశారు. కానీ వందల ఎకరాల చెరువులు గుప్పిట్లో పెట్టుకున్న పెద్దమనుషులు కూడా అదే మాట అంటున్నారు. అక్కడే మనం ఆగి ఆలోచించాలి. పక్షా, మనిషా అన్నది అసలు ప్రశ్న కాదు. కొల్లేరు ఎవరి చేతుల్లోకి పోయిందన్నదే ప్రశ్న.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, డెల్టా మురుగు కాల్వలు అన్నీ వచ్చి దాన్లోనే పడతాయి. ఆ నీరు సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అందుచేత వానాకాలంలో సరస్సు ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. ఆ ఉబ్బడం, ముడుచుకోవడమే దాని ప్రాణం. నీరు తీసిన మేర పేదలు దాళ్వా వరి వేసుకునేవారు, గేదెల్ని మేపుకునేవారు. నీరున్న మేర వలలు, మావులు పెట్టి చేపలు పట్టుకునేవారు.

పక్షుల బతుకూ ఆ నీటి లెక్క మీదే నడుస్తుంది. ఉల్లంకి పిట్టలకు తడి బురద కావాలి. ఎర్రకాళ్ల కొంగలకు మోకాటి లోతు నీరు కావాలి. నత్తగుల్ల కొంగకు నత్తలుండే పల్లం కావాలి. శీతాకాలంలో ఉత్తరాది దేశాల నుంచి వచ్చే పరజలకు నీటిగడ్డి, నాచు కావాలి. నీటికోళ్లకు గూడు కట్టను కిక్కిస పొదలు కావాలి. గూడబాతుకు చేపలున్న నీరూ, దగ్గర్లో గూటికి చెట్లూ కావాలి. ఒకే సరస్సులో ఒడ్డు నుంచి నడిమి దాకా లోతు మారుతూ ఉండబట్టే ఇన్ని జాతులు కలిసి బతికాయి.

చేపల చెరువు ఈ అమరికనే చెరిపేసింది. గట్టు పోశారు, కిక్కిస పీకారు, ఏడాది పొడుగునా నిలువెత్తు నీరు నిలబెట్టారు. అక్కడ బురద లేదు, నత్త లేదు, నీటిగడ్డి లేదు. లోతు నీళ్లలో చేపను పట్టగల నీటికాకులు, గూడబాతులే ఆ చెరువుల మీద వాలగలవు. వాటినీ బాణసంచా పేల్చి తోలుతారు. అందుకని మొత్తం పక్షులెన్ని అని తల లెక్క పెట్టుకుని సంతోషిస్తే మోసపోతాం. ఎన్ని జాతులున్నాయి, ఏవి రావడం మానేశాయి అని అడగాలి. ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టుకోడానికి ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. మంచిదే. కానీ ఇనుప స్టాండు గూడబాతుకు చెట్టు కాగలదేమో గాని, ఉల్లంకి పిట్టకు బురద కాలేదు.

కూలీకి జరిగిందీ అదే. వరి చేనైతే ఊడ్పులు, కలుపులు, కోతలు, నూర్పిళ్లు ఉంటాయి. చేపల చెరువుకు ఒక కాపలాదారు, పట్టుబడి రోజున ఒక వలల ముఠా చాలు. ఉల్లంకి పిట్టను వెళ్లగొట్టిన గట్టే ఊడ్పు కూలీనీ వెళ్లగొట్టింది. 1976 ప్రాంతంలో ప్రభుత్వమే పేదల సొసైటీల పేర చెరువులు తవ్వించింది. తర్వాత పెట్టుబడిగల వాళ్లు లీజుల పేర దిగారు. కాగితం మీద పేదవాడు, గట్టు మీద పెత్తందారు!

చట్టాల కథ కొల్లేటి చాంతాడే. 1999లో +5 అడుగుల కాంటూరు లోపల సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో చెరువులు కొట్టేశారు. 2008లో కాంటూరును +3కి కుదించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపు కూడదన్నది. ఈలోగా కొట్టేసిన గట్లు మళ్లీ లేచాయి. పొక్లెయిన్ తెచ్చుకోగల వాడు నిలదొక్కుకున్నాడు. తట్టా పారా ఉన్నవాడు వలస పోయాడు.

ఇది లంకల గొడవే కాదు. వరద నీరు పరుచుకోవలసిన చోట గట్లు అడ్డుపడితే ఆ నీరు ఎగువ చేలమీదికి ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ పేదల ఇళ్లు ముంచింది. దానికి గండ్లూ, ఆక్రమణలూ ఎన్నో కారణాలు. కానీ ఆ ఏరు చివరకు చేరవలసింది కొల్లేటికే అని మరిచిపోకూడదు.

రైతుకు మేలుంటే పక్షిని రైతే కాపాడతాడు. తమిళనాడులోని వేడంతాంగల్‌లో పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని ఊరివాళ్లే తరాలుగా వాటికి కాపలా కాశారు. తుపాకీ మోతలు వద్దని కంపెనీ పాలన రోజుల్లోనే కొట్లాడారు.

అందుచేత మేము కోరేది ఇది. ముందు పెద్ద చెరువుల గట్లు తెగాలి. ఉప్పుటేరు పూడిక తీయాలి. లంకల పేదలకు సరస్సులో వల వేసే హక్కు, వేసవిలో మేపుకునే హక్కు రాతపూర్వకంగా దక్కాలి. గట్టు తీసేచోట ఉపాధి పోయేవారికి ముందే పని చూపాలి. పక్షి పేరు చెప్పి పేదను తరమొద్దు, పేద పేరు చెప్పి సరస్సును మింగొద్దు. కొల్లేటికి దాని నీరు దానికిస్తే పక్షీ తిరిగొస్తుంది, పనీ తిరిగొస్తుంది.